చిటికె మాస్టారు చూడలేని వణుకు

చిటికె మాస్టారికి తన తోడల్లుడంటే పడదు. కారణం అడిగితే చెప్పలేడు. ఆ మనిషి ఎవరినీ పల్లెత్తు మాట అనడు, ఎవరి దగ్గరా చేయి చాపడు, వచ్చిన ఇంట్లో పెట్టింది తిని, ఇచ్చింది తాగి, వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళిపోతాడు. అలాంటివాణ్ణి తిట్టుకోవడానికి మాటలు దొరకవు. దొరకనందుకే మాస్టారికి మరింత కడుపుమంట. తప్పు చేసేవాణ్ణి చూసి మండిపడటం హాయిగానే ఉంటుంది. ఏ తప్పూ చేయనివాణ్ణి చూసి కుళ్ళుకోవడం మహా కష్టం. ఆ కష్టం ఆయన పెళ్ళయిన దగ్గర్నుంచీ పడుతూ వచ్చాడు.

మాస్టారు ఒకప్పుడు నిజంగా మాస్టారే. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాడు. అది మూతపడ్డాక అదే వీధిలో రిపేరు షాపు పెట్టుకున్నాడు. షాపంటే గోడకానుకుని ఒక పొడుగాటి బల్ల, దాని మీద మూతలు ఊడదీసిన ల్యాప్‌టాపులు, బల్ల కింద అట్టపెట్టెల నిండా జనం వద్దనుకున్న కీబోర్డులు, ఛార్జర్లు. కొత్త సాఫ్ట్‌వేర్ల బరువు మోయలేక చతికిలబడ్డ పాత మిషన్లకు లైనక్సు అనే తేలికపాటి సిస్టమ్ ఎక్కించి పరుగెత్తించడంలో ఆయనది అందె వేసిన చేయి. ఎవరు ఏం పట్టుకొచ్చినా, అది ఇంకా సంచీలోంచి బయటికి రాకముందే వేళ్ళతో చిటికె వేసి, "చిటికెలో అయిపోతుంది" అనేవాడు. చాలాసార్లు నిజంగానే అయిపోయేది. అలా వచ్చింది ఆ పేరు.

ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. అన్నం తింటూ తింటూ లేచి ఫ్యాను రెగ్యులేటరు తిప్పొస్తాడు. టీవీ చూస్తూ రిమోటు వెనక మూత తీసి పెడుతుంటాడు. ఎదుటివాళ్ళు మాట సగం చెప్పేసరికి మిగతా సగం తనే పూర్తి చేసేస్తాడు, అది వాళ్ళు చెప్పబోయింది కాకపోయినా సరే.

తోడల్లుడు దీనికి పూర్తిగా విరుద్ధం. మాస్టారి భార్యకు ఒక్కతే చెల్లెలు, ఆ చెల్లెలి మొగుడు ఆయన. ఊరి బయట లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం. లారీ వచ్చి కాటా మీద నిలబడుతుంది. గదిలో మిషన్ మీద అంకె కాసేపు అటూ ఇటూ ఊగుతుంది. ఊగడం ఆగేదాకా చూసి చీటీ కొట్టి ఇవ్వాలి. "కూర్చుని చూడ్డానికి కూడా జీతం ఇస్తారన్నమాట!" అని మాస్టారు భార్య దగ్గర ఎగతాళి చేసేవాడు. చాటుగా ఆయనకు నిదానంగారు అని పేరు పెట్టింది కూడా మాస్టారే. నిజం చెప్పాలంటే ఆ మనిషికి ఆ పేరు ఇంకా తక్కువే. కాఫీ గ్లాసు చేతికిస్తే అది చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంటాడు. తలుపు దగ్గరికి వేయమంటే లేవాలా వద్దా అని ఆలోచించేలోపు ఇంకెవరో వేసేస్తారు. తెలివితేటలు కూడా అంతంతమాత్రమే. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎలాగో మాస్టారు ఎన్నిసార్లు చూపించినా మళ్ళీ అడుగుతాడు.

ఇంత బద్ధకస్తుడు ఇంటికొస్తే భార్య గొంతులో ఎక్కడలేని హుషారూ వచ్చేది. అదీ మాస్టారి బాధ. తను ప్రూఫులు దిద్దే ప్రెస్సులో జరిగింది, పక్కింటావిడ అన్నది, చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళు కొట్టుకున్నది, అన్నీ ఆయన ముందు కుప్ప పోసేది. ఆయన 'ఊఁ' అనేవాడు. మరీ ఆశ్చర్యపోతే 'ఓహో' అనేవాడు. అంతే. మాస్టారు మధ్యలో దూరి నాలుగు మంచి సలహాలు పారేసేవాడు. భార్య ఆగి, ఆయన చెప్పేది అయ్యేదాకా ఉండి, మళ్ళీ మరిదిగారి వైపు తిరిగి చెప్పుకుపోయేది. తన దగ్గర ఆవిడ మాట ఎప్పుడూ సగంలోనే ఉండిపోతోందన్న సంగతి మాస్టారు గమనించలేదు. మరిదిగారితో ఎక్కువ మాట్లాడుతోందన్నది మాత్రం ఎన్నడూ గమనించకుండా ఉండలేదు.

ఆవిడ ఒక ప్రచురణ సంస్థకు ఇంటి నుంచే ప్రూఫులు దిద్దుతుంది. పేజీలు తెర మీద చదివి, తప్పులు ఎర్ర సిరాతో కాగితాల మీద రాసి పంపుతుంది. కిటికీ పక్క చిన్న బల్ల, దాని మీద మాస్టారు బాగుచేసి ఇచ్చిన ల్యాప్‌టాప్. ఎవరో పారేయబోతే తెచ్చి, లోపల దుమ్ము దులిపి, లైనక్సు వేసి, ఆవిడ కళ్ళకు ఇబ్బంది లేకుండా అక్షరాలు సరిచేసి ఇచ్చాడు. ఆయన ఆవిడకు ఇచ్చినవాటిలో ఆవిడ రోజూ వాడేది అదొక్కటే. అందుకని ఆయనకు ఆ మిషన్ అంటే చాలా గర్వం.

ఒక ఆదివారం చెల్లెలూ మరిదీ వచ్చారు. వాళ్ళు ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. అదీ మాస్టారితో మాటమాత్రమైనా చెప్పకుండా, బజారులో పెద్ద షాపుకెళ్ళి. ఆ సంగతి ఆయన కడుపులో అప్పటికే రగులుతోంది.

"ఎలా ఉంది కొత్తది?" అంది మాస్టారి భార్య.

"బాగానే ఉంది వదినా. పొద్దున వైరు తీసేస్తే సాయంత్రం దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు తోడల్లుడు.

"అబ్బ, అదృష్టవంతులు! మా దానికి మధ్యాహ్నమయ్యేసరికి వైరు వెతుక్కోవాలి" అని ఆవిడ నవ్వేసింది.

ఆవిడ అక్కడితో ఆ మాట మర్చిపోయింది. మాస్టారి చెవుల్లో అది గూడు కట్టుకుంది. మర్నాడు షాపు తెరవకుండా భార్య ల్యాప్‌టాప్ ముందేసుకున్నాడు. వెలుగు తగ్గించాడు, వెనకాల ఊరికే నడిచే ప్రోగ్రాములు ఆపాడు. ఇంకా చాలలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే, తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్‌కు పెట్టే సెట్టింగు ఒకటి దొరికింది. దాంతో బ్యాటరీ బాగా ఆదా అవుతుందని ఎవరో రాశారు. ఆ మోడల్ మిషన్లకు దాన్ని మామూలుగా ఆపి ఉంచుతారట. ఎందుకు ఆపి ఉంచుతారో తెలియాలంటే ఆ పేజీలో ఇంకా కిందకి చదవాలి. మాస్టారు చదవలేదు. మిషన్ లేచేటప్పుడు చూసుకునే ఫైల్లో ఒక వరస చేర్చి, రీస్టార్ట్ చేసి, చిటికె వేశాడు.

నిజంగానే బ్యాటరీ ఎక్కువసేపు వచ్చింది. ఆ తర్వాత తోడల్లుడు కలిసినప్పుడు మాస్టారు ఏ ఉపోద్ఘాతం లేకుండా, "మాది కూడా ఇప్పుడు చాలాసేపు వస్తోంది, తెలుసా? పాత మిషనే!" అన్నాడు.

"మంచిదేగా అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు, నిజంగా సంతోషిస్తూ.

ఆ మొహంలో కాస్తయినా కుళ్ళు కనబడుంటే మాస్టారికి ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టేది. వాడికి కుళ్ళుకోవడానికి కూడా బద్ధకమే అనుకున్నాడు.

ఆ తర్వాతి వారంలోనే ఆవిడ మొదటిసారి అంది, "ఏవండీ, స్క్రీను వణుకుతోంది" అని.

మాస్టారు రెండంగల్లో వచ్చి, మౌసు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఒక ఫైలు తెరిచి మూసి, "ఏదీ? శుభ్రంగా ఉందిగా?" అన్నాడు. నిజంగానే శుభ్రంగా ఉంది. ఆయన అటు వెళ్ళాక ఆవిడ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. ఒక పేజీ తెరిచి, చెయ్యి తీసేసి, కామాలూ పొల్లులూ వెతుక్కుంటూ నిశ్చలంగా కూర్చుంది. అక్షరాలు సన్నగా అదిరాయి. నీళ్ళలో పడ్డ నీడలా ఒక్క క్షణం చెదిరి, మళ్ళీ నిలబడి, మళ్ళీ అదిరాయి.

మళ్ళీ పిలిచింది. మళ్ళీ వచ్చాడు, మౌసు తిప్పాడు, ఏమీ లేదన్నాడు. ఆవిడ తెరని ఫొటో తీసినట్టు మిషన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి చూపించబోయింది. అందులో అక్షరాలు చెక్కినట్టున్నాయి. "చూశావా? మిషన్ బాగానే ఉంది" అన్నాడు. ఫోనుతో వీడియో తీసింది. అందులో తెర మీద గీతలు పాకుతున్నాయి. "ఫోనుతో ఏ స్క్రీను తీసినా అలాగే వస్తుంది. నీ టీవీని తియ్యి, అక్కడా వస్తాయి" అన్నాడు. అదీ నిజమే.

"అది కాదండీ, మొన్న మీరు బ్యాటరీ కోసం ఏదో..."

"బ్యాటరీకీ దీనికీ ఏం సంబంధం లేదులే. కళ్ళు ఒకసారి చూపించుకో" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆవిడ చూపించుకుంది. కళ్ళ డాక్టరు చుక్కలమందు రాసిచ్చాడు, చూపు బాగానే ఉందన్నాడు. ఆ మాటతో ఆవిడకు భయం ఇంకా పెరిగింది. చూపు బాగుండి, మిషన్ బాగుండి, అక్షరాలు వణికితే ఇక చెడింది తన బుర్రే అయి ఉండాలి. తలనొప్పులు మొదలయ్యాయి. ఒక పేరా చదివి కళ్ళు మూసుకునేది. దిద్దిన ప్రూఫుల్లో తప్పులు మిగిలిపోయాయని ప్రెస్సు నుంచి మొదటిసారి ఫోను వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ చేతికి నిఘంటువు వచ్చింది. చేతిపనులు చేసేవాళ్ళు వాడే మాటలన్నీ పోగుచేసిన లావుపాటి పుస్తకం. దాన్ని దిద్దే పని తనకే ఇమ్మని సంస్థ నడిపే పెద్దాయన్ని ఆవిడ ఎప్పట్నుంచో అడుగుతోంది. వడ్రంగి పట్టే ఉలికి ఎన్ని పేర్లున్నాయో, దర్జీ కుట్టే కుట్టుకు ఎన్ని పేర్లున్నాయో అన్నం తింటూ చెప్పుకుని మురిసిపోయేది. ఇప్పుడు ఆ పేజీలే తెరిచి కూర్చుంటే చిన్న అక్షరాలన్నీ చీమల్లా కదులుతున్నాయి. ఒక సాయంత్రం పెద్దాయనకు ఫోను చేసి, కళ్ళు సహకరించడం లేదనీ, పని వేరేవాళ్ళకు ఇచ్చేయమనీ చెప్పింది. చెప్పి, ఫోను బల్ల మీద పెట్టి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మాస్టారికి బాధేసింది. బాధేస్తే ఆయన చేసే పని ఒకటే. లేచి వంటింట్లో కుళాయి వాషరు మార్చాడు.

మరుసటి ఆదివారం చెల్లెలూ మరిదీ మళ్ళీ వచ్చారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో ఉన్నారు. మాస్టారు స్టూలెక్కి గోడగడియారం బ్యాటరీ మారుస్తున్నాడు. తోడల్లుడు మామూలుగానే ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ కూలబడ్డాడు. ఈసారి అది కిటికీ పక్క కుర్చీ. ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని మీద నిఘంటువు పేజీ ఉంది. చేతిలో కాఫీ గ్లాసు ఉంది. ఆయనకు చేయడానికి ఇంకే పనీ లేదు కాబట్టి చూస్తూ కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ, చాలాసేపటికి అన్నాడు, "వదినా, ఇదేంటి, వణుకుతోంది?"

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. ఆవిడ చేతులు తడిగా ఉండగానే పరుగెత్తుకొచ్చింది.

"ఏమన్నారు?"

"స్క్రీను. కాసేపు బాగుంటోంది, కాసేపు అదురుతోంది. మా కాటా మీద అంకెలా."

"మీకు కనిపిస్తోందా?"

"కనిపిస్తోందిగా."

ఆవిడ చెంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. చెల్లెలు కంగారుపడి భుజం పట్టుకుంది. ఆవిడ ఏడుస్తూనే, "నా కళ్ళు పోలేదే. నా బుర్ర బాగానే ఉందే" అంటోంది. ఆ ఏడుపులో అంత సంతోషం ఉంటుందని మాస్టారికి ఆ రోజే తెలిసింది. స్టూలు మీద నిలబడి, చేతిలో గడియారం పట్టుకుని, ఆయన ఆ దృశ్యమంతా చూశాడు. తోడల్లుడు ఏం చేశాడు? ఏమీ చేయలేదు. ఒక్క స్క్రూ తిప్పలేదు. ఒక్క కమాండు కొట్టలేదు. ఊరికే కూర్చున్నాడు. కూర్చున్నందుకు తన పెళ్ళాం వాణ్ణి దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. గడియారం మళ్ళీ మేకుకు తగిలిస్తే అది వంకరగా వేలాడింది, దాన్ని కూడా ఆయన సరిచేయలేదు.

ఒక్క గెంతులో స్టూలు దిగి బల్ల దగ్గరికి వచ్చి మౌసు కదిపాడు. తెర గుడ్డతో తుడిచిన అద్దంలా నిలకడగా ఉంది.

"ఏదీ?"

"మీరు ముట్టుకున్నాక ఆగిపోయింది అన్నయ్యా."

"నేను ముట్టుకుంటే ఆగుతుందా? నేనేమన్నా మంత్రగాణ్ణా?"

"ఏమో మరి" అన్నాడు తోడల్లుడు, ఇంకా మిగిలిన కాఫీ తాగుతూ.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు యుద్ధం మొదలుపెట్టాడు. రోగం ఏమిటో తెలుసుకోవాలన్న ఆలోచన కన్నా ఆ నిదానంగారి కన్నా ముందు తెలుసుకోవాలన్న కక్ష ఎక్కువ. వాడు రోగం ఉందన్నాడు, మందు మాత్రం తనే వేయాలి. లైనక్సుకు గుండెకాయలాంటి కెర్నెల్ కొత్తది ఎక్కించాడు. గ్రాఫిక్స్ డ్రైవర్ పీకేసి మళ్ళీ వేశాడు. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చాలో ఆ లెక్క మార్చాడు. తెర మీద తెరుచుకునే విండోలకు నీడలూ మెరుపులూ పెట్టే హంగులన్నీ తీసేశాడు. మూత విప్పి తెర దగ్గరికి వెళ్ళే సన్నటి కేబుల్ ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. ఒక దశలో మిషన్ లేవడమే మానేసి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఏదో సణిగింది. దాన్ని లేపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ప్రతి మార్పు తర్వాతా మౌసు తిప్పి చూశాడు. ప్రతిసారీ తెర శుభ్రంగా ఉంది. ప్రతిసారీ చిటికె వేసి, "అయిపోయింది, చూసుకో" అన్నాడు. ఆవిడ కూర్చుని, చూసి, "లేదండీ, అలాగే ఉంది" అంది. చివరికి ఆ మాట కూడా అనడం మానేసి, తల అడ్డంగా ఊపి ఊరుకుంది.

"మరిదిగారిని ఒకసారి రమ్మని చూపిద్దామా?" అంది ఒక రోజు, ఎంతో మెల్లగా.

"వాడికేం తెలుసు! వాడికి మౌసు పట్టుకోవడం కూడా రాదు!" అని అరిచాడు మాస్టారు. అరిచాక తన గొంతు తనకే నచ్చలేదు. ఆవిడ నిఘంటువు ప్రూఫు కాగితాలు దస్తాలుగా కట్టడం మొదలుపెట్టింది. ఇంతవరకు దిద్దిన భాగం పెద్దాయన మనిషి వచ్చి తీసుకెళ్తాడట, వేరే ప్రూఫ్‌రీడరు ఒకావిడ దొరికిందట.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఆ కాగితాలకు దారం కొనుక్కొస్తానని బజారుకెళ్ళింది. మాస్టారు షాపు మూసి భోజనానికి వచ్చి, తిని, కిటికీ పక్క కుర్చీ వైపు చూశాడు. వాడు కూర్చుంటే కనిపించింది. నాకెందుకు కనిపించదు? ఆయన బుర్రలో ఇది తప్ప ఇంకేం లేదు. సరే, వాడిలాగే కూర్చుంటాను అనుకున్నాడు. పట్టుదలకు పోయి కాఫీ కూడా కలుపుకున్నాడు. నిఘంటువు పేజీ తెరిచాడు. కుర్చీలో వెనక్కి జారగిలబడి, పొట్ట ముందుకు పెట్టి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నోరు కాస్త తెరిచి, అచ్చం తోడల్లుడు కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఎవరైనా చూస్తే పగలబడి నవ్వేవాళ్ళే. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

మొదట కాలు ఊగింది. ఆపాడు. తర్వాత వేలు గ్లాసు మీద దరువేసింది. ఆపాడు. గోడగడియారం వంకరగా ఉందని గుర్తొచ్చింది. లేవలేదు. ఒళ్ళంతా దురద పెట్టింది. అంత కష్టమైన పని ఆయన షాపులో ఎన్నడూ చేయలేదు. ఎప్పుడో అక్షరాల మీదికి దృష్టి వెళ్ళింది. దర్జీల మాటల దగ్గర పేజీ ఆగి ఉంది. వాటిని చదువుతున్నాడు.

తెర వణికింది.

ఆయన చెయ్యి దానంతటదే మౌసు మీదికి పోయింది. వణుకు ఆగిపోయింది. మాస్టారు ఆ చేతి వైపు దొంగని చూసినట్టు చూశాడు. మళ్ళీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ వణికింది. ఈసారి వేలు కొసతో ఒక్కసారి తాకాడు. ఆగిపోయింది. వదిలేశాడు. వణికింది.

అప్పుడు ఆయనకు అంతా అర్థమైంది, ఒక్కసారిగా, పైనుంచి నీళ్ళు కుమ్మరించినట్టు. తెర మీద బొమ్మ కదలనప్పుడు గ్రాఫిక్స్ చిప్ మాటిమాటికీ అదే బొమ్మను పంపకుండా, ఇచ్చినదాన్నే పట్టుకుని ఉండమని తెరకు చెప్పి తను కునుకు తీస్తుంది. అలా కరెంటు మిగులుతుంది. పాత తెరలు కొన్నింటికి ఆ పట్టు కుదరదు, బొమ్మ చేతిలో అదురుతుంది. మౌసు కదిపితే చిప్ మేలుకుంటుంది, అదురు మాయమవుతుంది. కదలకుండా చదివేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఆ రోగం కనబడదు. ఆ ఇంట్లో కదలకుండా చదివేది ఒక్కరే. ఇక కదలకుండా కూర్చునేవాడు తోడల్లుడు.

ఆ పని చేయించే సెట్టింగు ఏదో వెతకనక్కర్లేకపోయింది. మిషన్ లేచేటప్పుడు చూసుకునే ఫైలు తెరిచాడు. డ్రైవర్ని ఎన్నిసార్లు పీకి వేసినా చెక్కుచెదరకుండా ఆ వరస అక్కడే ఉంది. తను టైపు చేసిందే. ఎందుకు టైపు చేశాడో కూడా గుర్తొచ్చింది. 'మొన్న మీరు బ్యాటరీ కోసం ఏదో' అని ఆవిడ మొదలుపెట్టిన మాట కూడా గుర్తొచ్చింది. ఆ మాట చివరిదాకా వినుంటే ఆ రోజే అయిపోయేది, నిజంగానే చిటికెలో.

వరస తీసేసి రీస్టార్ట్ చేశాడు. మళ్ళీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. తెర గోడకు కొట్టిన పటంలా నిలబడింది.

ఇక మిగిలింది ఆవిడకు ఏం చెప్పాలన్నది. ఏదో స్క్రూ వదులైంది, బిగించాను అంటే సరిపోతుంది. ఆవిడ ఆయన వైపు కూడా మరిదిని చూసినట్టే చూస్తుంది. ఎన్నాళ్ళుగానో ఆయన కోరుకుంటున్నది అదే. నిజం చెబితే? వాడి మీద కుళ్ళుతో నేను పెట్టిన సెట్టింగే నీ కళ్ళు తినేసింది అని చెప్పాలి. ఆ మాట తర్వాత నిదానంగారు ఇంకో మెట్టు పైకెక్కుతాడు. బల్ల మీద కట్టడానికి సిద్ధంగా ఉన్న కాగితాల దస్తా కనిపించింది. పైన ఆవిడ ఎర్ర సిరాతో దిద్దిన అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. ఎప్పుడూ ముత్యాల్లా ఉండే దస్తూరి అది.

ఆవిడ దారం పట్టుకుని వచ్చేసరికి ఆయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

"ఏంటి, ఒంట్లో బాలేదా?" అంది కంగారుగా. ఆయన కూర్చుని ఉండటానికి ఆవిడకు ఇంకో కారణం తట్టలేదు.

"స్క్రీను వణికింది. నేను చూశాను."

ఆవిడ చేతిలో దారం ఉండ అలాగే ఉంది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి. అది నేను చేసిందే. వాళ్ళ దానికన్నా మన దానికి బ్యాటరీ ఎక్కువ రావాలని ఒకటి పెట్టాను. నువ్వు చెప్పబోయావు. నేను చెప్పనివ్వలేదు." ఇంకా ఏదో అనబోయి, ఆవిడ నోరు తెరవడం చూసి ఆగాడు.

ఆవిడ చాలాసేపు మాట్లాడింది. తలనొప్పుల గురించి చెప్పింది. డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని చూపు పోతే ఏం చేయాలా అని ఆలోచించుకున్నది చెప్పింది. తనకు పిచ్చెక్కుతోందేమోనని చెల్లెలితో కూడా అనలేకపోయినది చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. మాస్టారు మధ్యలో పెదాలు కదిపాడుగానీ మాట బయటికి రానివ్వలేదు. చివరికి ఆవిడ అంది, "మరిదిగారు బాగుచేశారా ఏంటండీ? ఆయన చూశారు. నాకు కావలసింది అంతే. మీరు బాగుచేయకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి చూస్తే బాగుండేది."

మాస్టారు లేచి ఆ కుర్చీ ఆవిడ వైపు జరిపాడు.

ఆవిడ పెద్దాయనకు ఫోను చేసింది. నిఘంటువులో మొదటి సగం అప్పటికే ఆ రెండో ప్రూఫ్‌రీడరు ఒప్పేసుకుందట, ఇక వెనక్కి అడగడం బాగుండదట. రెండో సగం మాత్రం ఈవిడకే. దర్జీల మాటలు మొదటి సగంలో పోయాయి. ఫోను పెట్టేసి ఆవిడ కాసేపు ముక్కు ఎగబీల్చింది. తర్వాత, "ఆవిడ ఎన్ని తప్పులు వదిలేస్తుందో నేనూ చూస్తాను" అంది పళ్ళు నూరుతూ. ఆ గొంతు మాస్టారు బాగా ఎరిగిన గొంతే. కుళ్ళు తన ఒక్కడి సొత్తే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

ఆదివారం చెల్లెలూ మరిదీ వచ్చారు. ఆవిడ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది, తనవాణ్ణి ఏమీ వెనకేసుకు రాలేదు. తోడల్లుడు 'ఊఁ' కొడుతూ విన్నాడు. మాస్టారు గోడకు చేరగిలబడి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అంతా అయ్యాక ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"మా దానికి మళ్ళీ మధ్యాహ్నానికే వైరు కావాలి. మీ దానితో పోటీ పడలేదు" అన్నాడు. మామూలు మాటే, కానీ నోట్లోంచి తీయడానికి పన్ను పీకినంత కష్టమైంది.

తోడల్లుడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"మాది తెరిచి చాలా రోజులైంది అన్నయ్యా" అన్నాడు. "కొన్నప్పుడు నాలుగు ఫొటోలు చూశాం, మూత పెట్టేశాం. వాడితే కదా అయిపోడానికి."

మాస్టారికి భార్య నవ్వు వినపడింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక చెల్లెలి భుజం మీద పడిపోయింది, చెల్లెలూ నవ్వింది, తోడల్లుడు ఎందుకు నవ్వుతున్నారో తెలియక వాళ్ళతో కలిసి తనూ నవ్వాడు. ఆవిడను అలా నవ్వించడం మాస్టారికి ఎప్పుడూ చేతకాలేదు. ఒళ్ళు భగ్గున మండింది. ఏదైనా పని దొరుకుతుందా అని చుట్టూ చూశాడు. గోడగడియారం ఇంకా వంకరగానే ఉంది.

దాని జోలికి పోకుండా కుర్చీ లాక్కుని, భార్య పక్కనే వేసుకుని కూర్చున్నాడు.